నడక గడియారమూ, నాలిక మీద చుక్కా

తెలివంతా ఒకే ఇంట్లో పోగుపడితే మిగతా ఊరు ఎలా బతుకుతుందో చూడాలంటే, అనకాపల్లి దాటి చెరకు తోటల్లోంచి పోతే వచ్చే నేరేళ్ళగరువు చూడాలి. ఆ ఊళ్ళో ఒక ఇంటికి ఆలోచనోళ్ళ ఇల్లని పేరు. ఆ పేరు వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నారు. ఊరు కూడా సరేనంది. అంతకన్నా నవ్వొచ్చే పేరు ఊరికి తట్టలేదు మరి.

ఆ ఇంట్లో మనుషులు నలుగురు. పెద్దాయన నూకినాయుడు, ఆయన పెళ్ళాం సింహాచలం, కొడుకు గౌరీశు, కోడలు వరహాలు. కుళాయి దగ్గర బిందె పెట్టినప్పుడల్లా సింహాచలం ఒకటే మాట చెప్పేది. లోకంలో జనం చెప్పింది సగం వింటారట, మిగతా సగం ఊహించుకుంటారట. వాళ్ళింట్లో మాత్రం చెప్పింది చెప్పినట్టు వింటారట. అబద్ధం కాదు. గౌరీశు ఒకసారి బస్సెక్కితే కండక్టరు ముందుకి జరగమన్నాడు. జరిగాడు. ఇంకా జరగమన్నాడు. ఇంకా జరిగాడు. ముందు తలుపులోంచి కిందకి దిగి, బస్సుకి ముందు నిలబడి, అనకాపల్లి దాకా అలా జరుగుతూనే పోయాడు. బస్సు పాపం హారను కొట్టుకుంటూ వెనకాల పెళ్ళివారిలాగ నడిచొచ్చింది. "ఇంతలా మాట వినే మనిషిని ఆ కండక్టరు ఎప్పుడూ చూసుండడమ్మా, గుడ్లు వెళ్ళబెట్టాడు" అని గౌరీశు ఇంటికొచ్చి చెప్తే, తల్లి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

అలాంటి ఇంట్లో దేవుడు ఎవరికో ఇవ్వబోయి చెయ్యి జారి పడేసిన వస్తువు ఒకటుంది. అది నూకినాయుడి నాలిక.

చెరకు రసం పెద్ద పెనంలో మరిగి మరిగి పాకమవుతుంది చూడండి, దాన్ని ఏ క్షణాన పొయ్యి మీంచి దించాలో చెప్పాలి. తొందరపడితే బెల్లం గడ్డ కట్టదు, ఆలస్యమైతే మాడి బొగ్గవుతుంది. ఊరందరి పెనాలకీ ఆ మాట చెప్పేది నూకినాయుడే. పొడుగాటి గరిటెతో ఇంత పాకం తీసి, ఊది, ఒక చుక్క నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "దించండి" అనేవాడు. ఆయన దించమన్న బెల్లం గురించి నేను పెంచి చెప్పను గాని, ఆ దిమ్మ మీద వాలిన చీమలు మళ్ళీ పుట్టకి పోయేవి కావు. అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని, పురుళ్ళు పోసుకుని, మనవల్ని ఎత్తుకునేవి.

అలాంటి మనిషికి చక్కెర జబ్బొచ్చింది.

టౌన్లో డాక్టరమ్మ రక్తం చూసి, ఇది రక్తమా చెరకు రసమా అంది. పాకం ముట్టుకోవద్దంది. నూకినాయుడు అక్కడే బల్ల మీద కూలబడి, పాకం ముట్టుకోకపోతే నేనెందుకమ్మా, నాలిక కూడా ఇక్కడే కోసి పెట్టేసుకో అన్నాడు. ఆవిడ మనసు కరిగింది. అప్పుడు చెప్పింది, ఈ కథంతా నడిపించిన మాట.

"రోజూ నడవండి. నడక చూపించే గడియారాలు వస్తున్నాయి, ఒకటి కొనుక్కుని చేతికి పెట్టుకోండి. చేతి నుంచి తియ్యొద్దు. మొదటి పెనం ఎక్కించే రోజున నేనే వస్తాను, ఎలాగూ వేడి బెల్లం తినాలనుంది. గడియారంలో మీ నడక నాకు కనబడితే గరిటె మీ దగ్గరే ఉంచుకోండి. కనబడకపోతే ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."

ఇంకెవరికైనా అంటే ఎవరికో చెప్పక్కర్లేదు. సింహాచలం తమ్ముడు ఎర్రప్పడు ఉన్నాడు కదా, పక్కిల్లే. పాకానికీ గేదె తాగే కుడితికీ తేడా తెలీని నాలిక అతనిది. అయినా ఆ గరిటె మీద అతని కన్ను పుట్టిన దగ్గర్నుంచీ ఉంది. వాళ్ళమ్మ చేత గోరుముద్దలు కూడా గరిటెతోనే తినిపించుకున్నాడని చెప్తారు.

సరే, గడియారం కొన్నారు. నల్ల పట్టీ, అగ్గిపెట్టెంత మొహం. రోజుకి తగినంత నడిస్తే ఆ మొహం చుట్టూ ఒక పచ్చ గీత గుండ్రంగా నిండుతుందని కొట్టువాడు చూపించాడు. ఒకసారి చార్జింగ్ పెడితే వారం రోజులు చూసుకోనక్కర్లేదని కూడా చెప్పాడు.

అంతే. చూసుకోనక్కర్లేదన్నాడు కదా, చూస్తే ఏమవుతుందో ఏమో. ఇంటికి రాగానే సింహాచలం పాత చీర చింపి గడియారం మీద ఏడు చుట్లు చుట్టి ముడేసింది. నూకినాయుడు చెయ్యి విరిగినవాడిలాగ ఆ కట్టుతో వారమంతా నడిచాడు. చెరకు తోట చుట్టూ నడిచాడు, కాలవ గట్టు మీద నడిచాడు, పొరుగూరి పొలిమేర దాకా నడిచి వాళ్ళ కుక్కల చేత తరిమించుకుని మరీ వచ్చాడు. దారిలో కనబడ్డవాళ్ళు చెయ్యికేమైందని అడిగితే, ఏమీ కాకుండా ఉండటానికే కట్టాం అని చెప్పాడు.

వారం పోయాక నలుగురూ స్నానాలు చేసి, దీపం పెట్టి, కట్టు విప్పారు. గడియారం మొహం నల్లగా ఉంది. నొక్కారు. గోకారు. వరహాలు కొబ్బరినూనె రాసింది. ఎక్కడా వెలుగు లేదు. ఎప్పుడు ఆరిపోయిందో పాపం, మొదటి రోజు మధ్యాహ్నానికే ఆరిపోయుంటుంది. ఆ బ్యాటరీ సంగతి మీకు తెలీదు. నూనెలో అప్పడం వేస్తే అది వేగేలోపు ఇది దిగిపోతుంది.

గౌరీశు టౌనుకి పరిగెత్తాడు. కొట్టువాడు సంగతి విని, చార్జింగ్ అయిపోయిందయ్యా, అయిపోయాక నడిచినదేదీ ఇందులోకి రాదు అన్నాడు. గౌరీశు ఆ మాట గాజుగ్లాసు మోసుకొచ్చినట్టు జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చి చెప్పాడు. వారం రోజుల నడక గాలికి పోయిందని తెలిసి నూకినాయుడు మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. సింహాచలం మాత్రం ధైర్యం చెప్పింది. పోయిందేదో పోయింది, ఇకమీదట చార్జింగ్ లేకుండా ఒక్క అడుగు కూడా వృథా చెయ్యొద్దని ఒట్టేయించుకుంది.

ఇంకేముంది. మర్నాడు పొద్దున్న నూకినాయుడు గోడ దగ్గర కూర్చుని, పట్టీ కొంచెం వదులు చేసి, కింద నుంచి ఆ చార్జింగు వైరు అంటించుకున్నాడు. చేతి నుంచి తియ్యొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా, తియ్యలేదు. వైరేమో జానెడు. గోడకి అతుక్కున్న బల్లిలాగ కూర్చుని చార్జింగ్ నింపుకుని, హుషారుగా బయల్దేరాడు. కాలవ గట్టు మధ్యకొచ్చేసరికి గడియారం ఒక్కసారి వణికి ఆరిపోయింది.

నూకినాయుడు అప్పుడే కుడికాలు ఎత్తాడు. దించితే ఒక అడుగు వృథా. ఒట్టేశాడాయె. ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుని, గట్టు మీద కొంగలాగ నిలబడిపోయాడు. నిజం కొంగలు రెండొచ్చి పక్కన నిలబడి, ఈయన చేపలు పట్టడం ఎప్పుడు మొదలెడతాడా అని చూశాయి.

భోజనాల వేళకీ రాకపోతే ఇంట్లోవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళారు. నడవలేడు, నడిస్తే నష్టం. మోసుకుపోవాలి. గౌరీశు ఇంటికెళ్ళి నులక మంచం తెచ్చాడు. నూకినాయుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టారు. ఎండగా ఉందని వరహాలు తలమీంచి కాళ్ళ దాకా తెల్ల దుప్పటి కప్పింది. నాలుగో మనిషి కావాలని దారిన పోయే చాకిరేవు సత్తిగాణ్ణి పిలిచారు. నలుగురూ నాలుగు కోళ్ళు భుజానికెత్తుకున్నారు.

ఇక ఊళ్ళోకి ఆ మంచం వచ్చిందంటే ఎలా ఉంటుందో మీరే అనుకోండి. అరుగుల మీదవాళ్ళు లేచి నిలబడ్డారు. డప్పులవాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు నడిచారు. కొట్టు సోములమ్మ గంపెడు మరమరాలు తెచ్చి దారంతా చల్లింది. పొద్దుట్నుంచీ ఖాళీ కడుపుతో ఉన్న నూకినాయుడు దుప్పట్లోంచి చెయ్యి పెట్టి, మీద పడ్డ మరమరాలు ఏరుకుని తినడం మొదలెట్టాడు. ఎవరూ చూడలేదు, అందరి కళ్ళల్లోనూ నీళ్ళే.

ఎర్రప్పడు వీధి మొగలో ఎదురొచ్చి మంచం కోడు పట్టుకుని బావురుమన్నాడు. బావ ఎంత మంచివాడో చెప్పి ఏడ్చాడు, ఆ నాలిక ఇక దొరకదని ఏడ్చాడు. ఏడుపు మధ్యలో ముక్కు తుడుచుకుని అక్కని అడిగాడు.

"ఇంతకీ ఆ గరిటె ఎక్కడ పెట్టాడే అప్పా?"

దుప్పటి లేచి కూర్చుంది. నోటినిండా మరమరాలతో, "నా గరిటె నీకెందుకేటిరా?" అంది.

డప్పులవాళ్ళు డప్పులు అక్కడే పడేసి పారిపోయారు. సోములమ్మ గంప నెత్తిమీద బోర్లించుకుంది. ఎర్రప్పడు పరిగెత్తిన పరుక్కి ఆ వీధిలో కోళ్ళు మూడు రోజులు గుడ్లు పెట్టలేదు. ఆలోచనోళ్ళకి మాత్రం జనం ఎందుకు పారిపోయారో అర్థం కాలేదు. మన ముందు నిలబడాలంటే మామూలు జనానికి భయం ఉండదేటి అని సింహాచలం సర్దిచెప్పింది.

గౌరీశు మళ్ళీ కొట్టుకెళ్ళి, బ్యాటరీ ఇలా చప్పున దిగిపోతే మేమెలా బతకాలని పోట్లాడాడు. కొట్టువాడికి అది రోజూ వినే గోలే. వాడకం తగ్గిస్తే ఎక్కువసేపు వస్తుందన్నాడు.

అది విన్నాక ఇంట్లో పెద్ద ఆలోచన జరిగింది. గడియారం వాడకమంటే ఏమిటి, నడక. నడక తగ్గిస్తే చార్జింగ్ మిగులుతుంది. అసలు నడవకపోతే ఇంకా మిగులుతుంది. అంతే, నూకినాయుణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి కదలొద్దన్నారు. దోమ కుడితే వరహాలు వచ్చి కొట్టేది. వీపు దురదపెడితే గౌరీశు గోకేవాడు. సింహాచలం ముద్దలు కలిపి నోట్లో పెట్టి, నమలడం కూడా నెమ్మది మీద కానివ్వమంది. ఆరోజు సాయంత్రానికి చూసుకుంటే చార్జింగ్ దాదాపు దిగనేలేదు. ఇంట్లో పండగ. వరహాలు పక్కింటివాళ్ళందర్నీ పిలిచి మరీ మామగారి చెయ్యి చూపించింది.

ఎర్రప్పడు కూడా వచ్చి చూశాడు. చార్జింగు నిండుగానే ఉంది గాని ఆ పచ్చ గీత ఏదీ అన్నాడు.

గీత లేదు. చిన్న చుక్క కూడా లేదు. ఎర్రప్పడు మీసం మెలేసుకుంటూ పోయాడు. ఆ వెళ్ళడం చూసి నూకినాయుడికి మొదటిసారి భయం పట్టుకుంది. చెరకు నరకడం మొదలైంది. మొదటి పెనం ఇంకెంతో దూరం లేదు. గరిటె పోతే ఈ ఊళ్ళో ఆయనేం చేస్తాడు? పొద్దున్న లేచి ఎవరి పెనం దగ్గరికి పోతాడు? "నా నాలిక నా నోట్లో ఉట్టినే పడుంటే నాకు మతి పోతాదే" అని సింహాచలంతో అన్నాడు. ఆవిడకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత తమ్ముడైనా గాని, మొగుడి గరిటె మొగుడిదే కదా.

అప్పుడు వరహాలు ఆలోచించింది. నడిస్తే చార్జింగు దిగుతుంది. చార్జింగు పెడితే నడవడానికి లేదు. మరి రెండూ ఒకేసారి చేస్తే? ఇంట్లో ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని ఆ పిల్ల వైపు చూశారు. ఇంత తెలివి మన ఇంటికి కోడలిగా వచ్చిందంటే పూర్వజన్మ సుకృతం అన్నాడు నూకినాయుడు.

గౌరీశు షామియానా కొట్టులో అడిగి కొండచిలవంత వైరు తెచ్చాడు. వైరు చివర జంక్షన్ బాక్సు. ఆ బాక్సుకి తాడు కట్టి తండ్రి మెళ్ళో వేశారు. బాక్సులోంచి చార్జింగు వైరు గడియారానికి. ఎండ తగలకుండా పశువులపాకలో నడుస్తానన్నాడు పెద్దాయన. పాక మధ్యలో కప్పునంతా మోసే నిట్రాడు ఉంది. దాని చుట్టూ నడవడం మొదలెట్టాడు. కట్టేసి ఉన్న గేదె ఈయన ఎటు తిరిగితే అటు తల తిప్పి, కాసేపటికి కళ్ళు తిరిగి పడుకుంది.

నడుస్తున్నకొద్దీ వైరు నిట్రాటకి చుట్టుకుంది. చుట్టుకుంటున్నకొద్దీ పెద్దాయన దగ్గరికి లాక్కుపోయింది. చివరికి ముక్కు నిట్రాటకి ఆని ఆగిపోయాడు. పచ్చ గీత నిండటానికి ఇంకా కొంచెం మిగిలుంది.

"వెనక్కి తిరిగి రెండో వైపు నడవయ్యా, విడిపోతాది" అంది సింహాచలం.

"విడిపోతాదనే గదే నా భయం. ముందుకి నడిస్తే వైరు చుట్టుకుంది. వెనక్కి నడిస్తే విప్పుకుంటాది. వైరే విప్పుకుంటే అడుగులు విప్పుకోవా? పొద్దుట్నుంచి నడిచిందంతా పోదా?"

సింహాచలానికి ఒళ్ళు జలదరించింది. అంత ప్రమాదం కళ్ళెదుట పెట్టుకుని తనకి తట్టలేదు. మరేమిటి దారి? మనిషి తిరగకూడదు. వైరు విప్పాలి. అయితే నిట్రాడు తిరగాలి.

అంతే. గౌరీశు పార తెచ్చి మొదట్లో తవ్వాడు. సింహాచలం ఒకవైపు, వరహాలు ఒకవైపు నిట్రాటని కావలించుకున్నారు. పెద్దాయన ముక్కు ఆనించుకుని కదలకుండా నిలబడ్డాడు. ముగ్గురూ కలిసి తిరగలి తిప్పినట్టు తిప్పారు. నిట్రాడు కిర్రుమని సగం తిరిగింది. తాటాకు కప్పు కూడా సగం తిరిగింది. తర్వాత ఆలోచించుకుని, మొత్తం కిందకి వచ్చేసింది.

గేదె ముందుగా బయటపడింది. వీపు మీద సగం కప్పు అలాగే ఉంది. అది ఆ కప్పుతోనే వీధిలోకి నడిస్తే, ఎదురొచ్చినవాళ్ళు పాకే మేతకి బయల్దేరిందని దారిచ్చారు. ఇక్కడ తాటాకుల కుప్పలో కాళ్ళూ చేతులూ కలిసిపోయి ఎవరివి ఎవరివో తెలీడం లేదు. నూకినాయుడు పైకి రావడానికి చేతులు ఆడించాడు, కొట్టుకున్నాడు, తన్నుకున్నాడు. చివరికి గడియారం ఉన్న చెయ్యి ఒక్కటే ఆకుల్లోంచి పైకొచ్చింది. దాని మీద పచ్చ గీత నిండుగా, గుండ్రంగా వెలుగుతోంది.

పాక పోతే పోయింది, చక్రం నిండింది అని లోపల్నుంచి నాలుగు గొంతులు సంతోషించాయి.

ఆ తర్వాత షామియానావాడు వైరు ఇవ్వనన్నాడు. ఇవ్వకపోవడమే మంచిదయింది. ఇంకో దారి లేక, నూకినాయుడు పొద్దున్నే గోడ దగ్గర కూర్చుని నింపుకోవడం, అది దిగిపోయేలోపు పచ్చ గీత నిండాలని పరుగో పరుగు. ఆయన ముందు గౌరీశు తప్పుకోండి తప్పుకోండి అని అరుచుకుంటూ, వెనక సింహాచలం మజ్జిగ చెంబుతో, ఆవిడ వెనక వరహాలు. మంచి బ్యాటరీ అయితే మనిషి నింపాదిగా నడిచేవాడు. ఈ దరిద్రపు బ్యాటరీ ధర్మమా అని నూకినాయుడు లేడిపిల్లయ్యాడు. పొట్ట ఏమైపోయిందో తెలీదు. పంచె నడుముకి రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. బుగ్గలు లోపలికి పోయి, ఆ పెద్ద నాలిక ఒక్కటే మొహంలో మిగిలింది.

మొదటి పెనం రోజు వచ్చింది. చెరకు తోట పక్కన పొయ్యి తవ్వి, ఇంత పెనం ఎక్కించారు. అందులో ఏనుగు స్నానం చేస్తే తొండం కూడా తడుస్తుంది, అంత పెనం. ఊరంతా చేరింది. నూకినాయుడు తెల్లారగట్లే పరిగెత్తి పచ్చ గీత నింపుకుని, ఆ చెయ్యి ఎవరికీ తగలనివ్వకుండా తలమీద పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ పొద్దున్నే వస్తానంది. ఆసుపత్రిలో ఎవరికో పురుడొచ్చి మధ్యాహ్నానికి గాని రాలేకపోయింది. ఆవిడ కారు గట్టు ఎక్కుతుండగా గడియారం ఒక్కసారి వణికి ఆరిపోయింది.

డాక్టరమ్మ దిగి, ఆయన్ని పైనుంచి కిందదాకా చూసి గుర్తుపట్టలేకపోయింది. పట్టాక మాత్రం మొహం విప్పారింది.

"ఇంత తగ్గారా నాయుడు గారూ! నాకు గడియారం చూపించనే అక్కర్లేదు. మిమ్మల్ని చూస్తే తెలుస్తోంది. వేసుకోండి చుక్క."

నూకినాయుడు ఆరిపోయిన గడియారం వైపు చూసుకున్నాడు. పెనం వైపు చూశాడు. పాకం అప్పుడే వాసన మారుతోంది. నోట్లో నీళ్ళు కాలవ కట్టాయి. అయినా తల అడ్డంగా తిప్పాడు.

"గడియారంలో కనబడితేనే అన్నారమ్మా. కనబళ్ళేదు. మాట మాటే గదా."

డాక్టరమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆవిడ మాటని ఆవిడే దాటితే ఎలాగని సింహాచలం కోప్పడింది కూడా. ఎర్రప్పడు ఎప్పుడొచ్చాడో, కనబడనన్నాళ్ళూ గరిటె నాదే అని చేతిలోంచి లాగేసుకున్నాడు. ఊరి ముందు ఖాళీ చేతులతో నిలబడటం ఎలా ఉంటుందో నూకినాయుడికి తెలిసిపోయింది. తోట అవతల మోటారు షెడ్డులో ప్లగ్గు ఉంది. అక్కడికి పోయి, నేలమీద కూర్చుని, చెయ్యి గోడకి అంటించుకున్నాడు.

ఇక్కడ పెనం ఆగుతుందా? బుడగలు పెద్దవయ్యాయి. గరిటె పట్టుకున్న ఎర్రప్పడు వైపు ఊరంతా చూసింది. చుక్క నాలిక మీద వేసుకున్నాడు. కుడితిలాగే ఉంది. ఏం చెప్పాలో తెలీక, గరిటెడు పాకంతో తోటకడ్డంపడి మోటారు షెడ్డుకి పరిగెత్తాడు. చూసి చెప్పు బావా అన్నాడు. నూకినాయుడు నాలిక పెట్టకూడదు కదా, చూసి చెప్పాడు, ముదిరిపోతోందన్నాడు. ఎర్రప్పడు పరిగెత్తుకొచ్చి పెనంలో నాలుగు బిందెల రసం పోయించాడు. మళ్ళీ గరిటెడు తీసుకుని పరుగు. పలచనైపోయిందన్నాడు బావ. వచ్చి మంట పెంచాడు. మళ్ళీ పరుగు. నెల్లాళ్ళలో నూకినాయుడు పరిగెత్తినదంతా ఎర్రప్పడు ఆ ఒక్క మధ్యాహ్నం పరిగెత్తాడు. డాక్టరమ్మ నులక మంచం మీద కూర్చుని చెరకు రసం తాగుతూ, నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది.

చివరికి మోటారు షెడ్డులో కేక వినబడింది. గడియారం వెలిగింది. పచ్చ గీత నిండుగా ఉంది. డాక్టరమ్మ వెళ్ళి కళ్ళారా చూసింది. ఎర్రప్పడు అప్పుడే గరిటెతో ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డాడు.

"కనబడింది నాయుడు గారూ. గరిటె మీదే" అంది ఆవిడ. "కాని గుర్తుంచుకోండి. రోజుకి ఒక్క చుక్క. ఒక్కటంటే ఒక్కటే. రెండోది పడితే ఊరుకోను."

నూకినాయుడు గరిటె అందుకున్నాడు. నెల్లాళ్ళ తపన. ఆగలేకపోయాడు. ఆ గరిటెలో ఉన్నదే ఒక చుక్క తీసి నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. చాలాసేపటికి తెరిచి, చెరకు మంచిదే గాని ఇంకా పలచన అన్నాడు. డాక్టరమ్మ తృప్తిగా తల ఊపి, ఆసుపత్రిలో పని ఉందని కారెక్కి వెళ్ళిపోయింది. బెల్లం రేపు పంపమంది.

ఊరంతా ఆయన వెనకే పెనం దగ్గరికొచ్చింది. రెండు పొంగులు వచ్చాయి. పాకం రంగు తిరిగింది, వాసన తిరిగింది, చిన్నపిల్లలకి కూడా తెలుస్తోంది ఇక దించొచ్చని. నూకినాయుడు గరిటె ముంచి, ఎత్తి, ఊదాడు. నాలిక బయటికి చాపాడు. సింహాచలం ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇది రెండోది" అంది.

నిజమే, ఇవాళ్టి చుక్క షెడ్డులోనే అయిపోయింది.

పాకం చూస్తే తెలీడం లేదా, దించెయ్యండి అని ఊళ్ళోవాళ్ళు మొత్తుకున్నారు. కళ్ళతో చూసి దించేటట్టయితే నాలికెందుకు మరి అని గౌరీశు అడిగాడు. ఎర్రప్పడికి నోరు తెరిచే ఊపిరి కూడా లేదు. అప్పుడు నూకినాయుడే ఆలోచించి తేల్చాడు. రేపటి చుక్క రేపు వస్తుంది. అంతవరకూ పాకం చల్లారకూడదు. మంట మాత్రం ఆపొద్దు.

ఇంకేముంది. చెరకు పిప్పి అయిపోతే పుల్లలు వేశారు, పుల్లలు అయిపోతే కూలిన పాక వాసాలు తెచ్చి వేశారు. తెల్లారింది. నూకినాయుడు నింపాదిగా చార్జింగు నింపుకుని, పరిగెత్తి, పచ్చ గీత పూర్తి చేసుకుని, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని పెనం దగ్గరికొచ్చాడు. పెనంలో పాకం లేదు. నల్లటి బండ ఒకటుంది. గరిటె దిగలేదు. గౌరీశు గునపం పెడితే గునపం వంగింది. ఊరంతా చుట్టూ చేరి చూస్తోంది.

నూకినాయుడు వంగి, బండ మీద నాలిక ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. బుగ్గల్లోకి తిప్పాడు. చప్పరించాడు. తెరిచి, ఎంతో గంభీరంగా అన్నాడు.

"పప్పు గాని, బియ్యం గాని, గట్టిగా తగిలితే ఏటని అర్థం? ఉడకలేదని. ఇంకా మండించండి."

అంతే, మళ్ళీ పుల్లలు వేశారు. నేరేళ్ళగరువు మీద ఆ పొగ ఇప్పటికీ లేస్తూనే ఉంది. ఆ పొగ కనబడినంత మేరా వాళ్ళ కథ, పొగ దాటితే మన వీధి.